పిండి సంచి కోసం బ్రిమ్‌ఫీల్డ్ దాకా

మోటెల్ గదికి రాత్రికి 240 డాలర్లు తీసుకున్నారు. కిందటి మార్చిలో ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు అదే మోటెల్లో 105కి దిగాను. మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్‌లో పాత సామాన్ల సంత జరిగే వారం కదా, పక్కనున్న స్టర్‌బ్రిడ్జ్ చుట్టుపక్కల ఎక్కడ అడిగినా ఇదే వరస. నాన్నకి రేటు చెప్పకూడదనుకున్నాను గానీ కౌంటర్లో కుర్రాడు పైకే చదివేశాడు. నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. నేను కార్డు తీసేలోపే రూపాయల్లోకి మార్చేశారు.

"ఇరవై వేలు దాటిందమ్మా. పాత సామాన్లు చూడ్డానికి వచ్చి, ఇరవై వేలు పెట్టి పడుకోవాలా?"

నాకు చిరాకేసింది. పొద్దున్నుంచీ అలాగే ఉన్నారు. న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ నుంచి 287 హైవే, టాపన్ జీ వంతెన, 684, 84, మనవాళ్లందరికీ అలవాటైన దారే. డాన్‌బరీ దగ్గర ఓసారి, వాటర్‌బరీలో ఓసారి బండ్లు ఆగిపోయి, మూడున్నర గంటల దారికి ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటలూ ఒకటే మాట: ఇంట్లో ఉన్న తుప్పు చాలదా అని.

ఆయన తుప్పు అన్నది దేన్నో చెప్పాలి. ఆరేళ్ల కిందట మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెట్టారు. అక్కడ రెండు డాలర్లకి నీలం ఎనామిల్ కాఫీ కూజా కొన్నాను. ఇంటికి తెచ్చి బోర్లిస్తే అడుగున మాటు వేసి ఉంది. చిన్నప్పుడు మా ఊళ్లో చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేసేవాడు వచ్చేవాడు. అమెరికాలో కూడా ఒకప్పుడు చిల్లుపడ్డ కూజాని పారేయకుండా బాగు చేయించుకున్నారని ఆ మాటు చూశాకే నాకు తట్టింది. అప్పట్నుంచీ అలాంటివే ఏరుకుంటున్నాను. ఇంట్లో చేసుకున్న రేకు బిస్కెట్ అచ్చులు, చెక్క గరిటెలు, అతుకుల బొంతలు, ముద్ర వేసిన గుడ్డ సంచులు. వీటన్నిటినీ కలిపి ఇక్కడ అమెరికానా అంటారు. పెద్ద పెద్ద చిత్రకారులు చేసినవి కావు. పొలం పనులు చేసుకునేవాళ్లు, పడవలవాళ్లు, ఇంటి ఆడవాళ్లు తమ అవసరానికి చేసుకున్నవి.

ఈ పిచ్చిని ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోకపోవడం కొత్తేమీ కాదు. ఎలెక్ట్రా హేవ్‌మెయర్ వెబ్ అనే ఆవిడ 1907లో, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల వయసులో, కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్‌లో ఒక చెక్కబొమ్మ కొని ఇంటికి తీసుకెళ్లారు. చుట్టల దుకాణాల ముందు నిలబెట్టే బొమ్మ అది. వాళ్లమ్మగారేమో డెగా, మానె లాంటి ఫ్రెంచి చిత్రకారుల బొమ్మలు సేకరించిన మనిషి. ఆ బొమ్మని చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. అదే కూతురు 1947లో వెర్మాంట్‌లో షెల్‌బర్న్ మ్యూజియం పెట్టారు. గాలి వాటం చూపే రేకు కోళ్లు, బొంతలు, చెక్కబాతులు, చివరికి టైకాండెరోగా అనే ఆవిరి పడవతో సహా అక్కడున్నాయి. నాన్నకి ఈ కథ వాటర్‌బరీ ట్రాఫిక్‌లో చెప్పాను. "వాళ్లకి డబ్బుంది" అన్నారు. అంతే.

బ్రిమ్‌ఫీల్డ్ సంత ఏటా మూడుసార్లు, మే, జులై, సెప్టెంబరుల్లో, మంగళవారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది. 1959లో మొదలైంది. రూట్ 20 మీద మైలు పొడవునా రోడ్డుకి రెండు పక్కలా పొలాలే. ఒక్కో పొలానికి ఒక్కో యజమాని, ఒక్కో తెరిచే వేళ. కొన్ని మంగళవారం తెల్లారకముందే మొదలవుతాయి. కొన్ని బుధవారం, కొన్ని గురువారం తెరుచుకుంటాయి. మిగతా ఏడాదంతా అది నిద్రపోతున్నట్టుండే చిన్న ఊరు. పార్కింగ్‌కి పది డాలర్లు. నిమ్మరసం ఎనిమిది. అందులో సగం ఐసే.

గురువారం తొమ్మిదింటికి తెరిచే పొలం ముందు ఎనిమిదిన్నరకే నిలబడ్డాం. చక్రాల బళ్లు, మడత బళ్లు, తలకి టార్చిలైటు కట్టుకున్నవాళ్లు, తిరుపతి క్యూలో గేటు తెరిచే ముందు ఉండేంత ఆత్రం. తొమ్మిది కాగానే అరవై డెబ్బై ఏళ్లవాళ్లు కూడా పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. వెనక్కి చూస్తే నాన్న గేటు దగ్గరే నిలబడి నా చేతిసంచీ, పులిహోర డబ్బా పట్టుకుని ఉన్నారు. ఆ పరుగులో నేను అనుకున్న బిస్కెట్ అచ్చుల బల్ల దగ్గరికి నాకన్నా ముందే ఎవరో చేరి మొత్తం పెట్టె ఎత్తేశారు. మనసు చివుక్కుమంది. ఆ తర్వాత రెండు గంటలు ఎండలో తిరిగాను గానీ ఏదీ సరిగ్గా చూడలేదు.

ఒకచోట మాత్రం ఆగాం. వేటగాళ్లు నీళ్లలో తేలేసే చెక్కబాతులు. నిజం బాతులు వీటిని చూసి, తమ గుంపే అనుకుని దిగుతాయి. కేప్ కాడ్‌కి చెందిన ఎల్మర్ క్రోవెల్ చెక్కిన బాతు, 2007లో పది లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయిందని నాన్నకి చెప్పాను. ఆయన అక్కడున్న ఒక మామూలు బాతుని చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర రంగు పోయిన చోట బొటనవేలితో తడిమారు. "పట్టుకుని పట్టుకుని అరిగింది" అన్నారు. ఆ రోజంతటిలో ఆయన విసుక్కోకుండా అన్న మొదటి మాట అదే. నాకు కాస్త ఊపిరి వచ్చింది.

పన్నెండున్నరకి ఒక చెట్టు కింద పులిహోర తిన్నాం. తిన్నాక నాన్న మోకాళ్లు నొప్పి అన్నారు. నీడ కోసం పక్కనున్న తెల్ల గుడారంలోకి వెళ్లాం. అక్కడ కుర్చీ ఉంది కాబట్టి వెళ్లాం, ఇంకేం లేదు.

గుడారం నిండా గుడ్డ సంచులు. ఎనభై దాటినట్టున్న ఆవిడ ఒక్కతే కూర్చుని మడతలు పెడుతోంది. నాన్నని చూసి తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ లాగింది. కూర్చోండి సార్, ఏమీ కొనక్కర్లేదు అంది.

ఈ సంచుల సంగతి నాకు కొంత తెలుసు. అమెరికాలో ఒకప్పుడు పిండి, పంచదార, కోళ్ల దాణా అన్నీ నూలుగుడ్డ సంచుల్లో వచ్చేవి. ఖాళీ అయ్యాక పల్లెల్లో ఆడవాళ్లు వాటిని ఉతికి బట్టలు కుట్టుకునేవాళ్లు. సంగతి కనిపెట్టిన మిల్లులవాళ్లు 1920ల నడుమ నుంచి సంచి గుడ్డకే పువ్వులు, గళ్లు అచ్చువేయడం మొదలుపెట్టారు. సెయింట్ లూయిస్‌లో ఒక పిండిమిల్లు గళ్ల గుడ్డలో పిండి అమ్మింది. తర్వాత అందరూ అదే దారి. వంద పౌన్ల దాణా సంచి విప్పితే గజం పైన గుడ్డ వస్తుంది. పెద్దవాళ్ల గౌనుకి ఒకే డిజైను సంచులు మూడు కావాలి. అందుకని భార్య ఇచ్చిన గుడ్డముక్క జేబులో పెట్టుకుని, మొగుడు దాణా కొట్లో అలాంటి సంచి కోసం బస్తాల గుట్ట వెతికేవాడట. 1930ల కరువు కాలం, తర్వాత యుద్ధం, ఆ రోజులన్నీ ఇలాగే గడిచాయి. కాగితం సంచులు వచ్చాక ఇవి పోయాయి.

ఆవిడ ఒక సంచి అంచుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అంచు పొడవునా వరసగా సూది రంధ్రాలు. ఇవి ఉంటేనే అసలు సంచి అంది. కొత్త గుడ్డని పాతదని అమ్మేవాళ్లు ఈ రంధ్రాలు మర్చిపోతారట. తర్వాత ఇంకా విప్పని సంచి ఒకటి తీసింది. అచ్చు మొత్తం వెలిసిపోయింది కాబట్టి జనానికి చూపించడానికి ఉంచుకుందట. కుట్టు విప్పడం ఒక విద్య అని, సరైన కొస పట్టుకుంటే ఒక్క లాగుతో వస్తుందని, తప్పు కొస పట్టుకుంటే ముడిపడుతుందని చెప్పి నా చేతికిచ్చింది. నేను లాగాను. ముడిపడింది.

నాన్న చెయ్యి చాపారు. సంచిని ఒళ్లో తిరగేసి, రెండు కొసలూ చూసి, ముడి గోటితో విప్పి, కుడివైపు దారం ఒక్కటి తెంపి లాగారు. టర్రుమని అంచు మొత్తం ఊడొచ్చింది. వంకీలు తిరిగిన దారం ఆయన చేతికి వచ్చింది. దాన్ని బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టుకుంటూ, "బియ్యం బస్తా మూతి కుట్టే కదమ్మా" అన్నారు నాతో తెలుగులో. మా నాయనమ్మ పురికొస అలాగే చుట్టేదట.

ఆవిడ ఆ చుట్టుని చూసి చప్పట్లు కొట్టింది. మా అమ్మ కూడా దారం పారేసేది కాదు, ఉండ చుట్టి లేసులు అల్లేది అంది. మీకు ఎవరు నేర్పారు అని అడిగింది.

నాన్న ఇంగ్లీషు నెమ్మదిగా, వ్యాకరణం చూసుకుంటూ మాట్లాడతారు. నలభై ఏళ్లుగా నాకు చెప్పని సంగతి ఆవిడకి చెప్పారు. పొన్నూరు దగ్గర మా ఊళ్లో ఆయన నాలుగో తరగతి. మధ్యాహ్నం బళ్లో అమెరికా రవ్వ ఉప్మా పెట్టేవాళ్లు. సంచుల మీద డాలు బొమ్మ, దాని మీద రెండు చేతులు కరచాలనం చేస్తున్నట్టు. ఇది అమెరికా ప్రజలు ఇచ్చింది, అమ్మకూడదు అని కింద ఇంగ్లీషులో. వంటామె ఒక ఖాళీ గుడ్డ సంచి నాయనమ్మకి ఇచ్చింది. నాయనమ్మ దాన్ని చౌడుమట్టిలో ఉడకబెట్టి, బండకేసి మూడుసార్లు ఉతికింది. అక్షరాలు పోయాయి, చేతులు పోలేదు. నిక్కరు కుడితే చేతుల బొమ్మ సరిగ్గా వెనకవైపు పడింది. బళ్లో పిల్లలు ఊరుకుంటారా. నాన్న రెండ్రోజులు బడికి వెళ్లనని ఏడ్చారు. మూడో రోజు రాత్రి నాయనమ్మ కిరసనాయిలు దీపం ముందు కూర్చుని కుట్లన్నీ విప్పి, గుడ్డ తిరగేసి మళ్లీ కుట్టింది.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా అమ్మ రాత్రంతా పందికొవ్వు రాసి నానబెట్టేది, అయినా నా లోపలి గౌను మీద మిల్లు పేరు ఉండేది, దాన్ని ఎవరికీ కనపడకుండా పరుగెత్తడం నేర్చుకున్నాను అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపారు. నేను పక్కన నిలబడి ఉన్నాను.

అమెరికా ధాన్యాన్ని వేరే దేశాలకి సాయంగా పంపే పి.ఎల్. 480 చట్టం 1954లో వచ్చిందని, ఆ కింద వచ్చిన గోధుమలతోనే మనవాళ్లు చాలా ఏళ్లు గడిపారని నాకు పుస్తకాల ద్వారా తెలుసు. ఆ సంచి మా నాన్న ఒంటి మీదికి వచ్చిందని తెలియదు. ఆరేళ్లుగా పరాయి అమ్మమ్మల సంచులు వెతుక్కుని తెచ్చుకుంటూ, పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన్ని ఒక్క మాట అడగలేదు.

చేతుల బొమ్మ ఉన్న సంచి మీ దగ్గరుందా అని నాన్న అడిగారు. లేదంది. అవన్నీ ఓడలెక్కి మీ దగ్గరికే వెళ్లాయి కదా సార్, ఇక్కడ మిగల్లేదు అంది. నాన్న లేచి, బల్లమీద సంచులన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూశారు. గంటన్నర పట్టింది. మోకాళ్ల మాట ఎత్తలేదు.

అచ్చు చెదరని పిండి సంచి ఒకటి 65 డాలర్లు. అదే డిజైను ఉతికేసినది 18. వాళ్లమ్మలు రాత్రులు నానబెట్టి వదిలించాలని చూసిన ఆ ముద్రకే ఇప్పుడు ధర. నాన్న 65ది తీసుకున్నారు. సొంత డబ్బు, ఆయన వచ్చిన రోజున ఖర్చులకని నేను ఇచ్చిన నోట్లు. తెనాలి బజార్లో చీపురు దగ్గర కూడా బేరమాడే మనిషి ఇక్కడ నోరు విప్పలేదు. ఆవిడే పదిహేను తగ్గించి, విప్పిన దారం కూడా కాగితంలో చుట్టి ఇచ్చింది. సంచి ఉతక్కండి అని నాన్నకి రెండుసార్లు చెప్పింది.

మిగతా పొలాలు చూడలేదు. శుక్రవారం కూడా ఉండాలనుకున్నాం గానీ ఆ సాయంత్రం ఉరుములతో వాన పట్టుకుని మట్టంతా బురదైంది. నాకూ ఇక తిరగాలనిపించలేదు.

రాత్రి తొమ్మిదింటికి మోటెల్ గదిలో నాన్న మా అత్తయ్యకి వీడియో కాల్ చేశారు. తెనాలిలో అప్పుడే తెల్లారింది, అత్తయ్య కాఫీ పెట్టుకుంటోంది. నాన్న సంచిని మంచం మీద పరిచి ఫోను దానిమీదుగా తిప్పారు.

"చేతులేవి అన్నయ్యా?" అంది అత్తయ్య వెంటనే.

"ఇది వేరేది. నీకు గుర్తుందా?"

"గుర్తులేకేం. నీ నిక్కరు చిరిగాక అమ్మ బొంతలో వేసింది. తలవైపు ఉండేది. జ్వరమొస్తే ఆ చేతుల మీద తల పెట్టుకునేదాన్ని."

"ఆ బొంత ఏమైంది?"

అత్తయ్య ఒక్క క్షణం ఆగింది. "ఇల్లు సున్నాలేయించినప్పుడు పాతబట్టలన్నీ మూటకట్టి స్టీలుసామాన్లవాడికి వేశాం కదా. అందులో పోయింది."

నాన్న చేతిలో దారం చుట్టు ఇంకా ఉంది. "ఏమిచ్చాడు వాడు?"

"పప్పుగిన్నె. రోజూ దాన్లోనే వండుతున్నా."

"ఏదీ, చూపించు" అన్నారు నాన్న. అత్తయ్య ఫోను పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.