మలేరియా తగ్గాక అసలు గండం

వైవాక్స్ మలేరియా జ్వరం తగ్గింది. కాలేయంలో నక్కిన క్రిమి మళ్లీ తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్ వేసుకోమన్నారు. రెండు మూడు రోజులకే నడుం లాగేయడం మొదలైంది, కళ్లు పచ్చబడ్డాయి. ఆ రాత్రి మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "నీళ్లు తక్కువ తాగుంటారు, మాత్ర మాత్రం ఆపకండి" అని పెట్టేశారు.

ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను. తెల్లవారుజామున మంచం మీంచి లేచి బాత్రూమ్ దాకా వెళ్లేలోపే ఆయాసం, గుండె దడ. గోడ పట్టుకుని నిలబడిపోయాను. అన్నయ్య నా గోళ్లు చూశాడు, పాలిపోయి ఉన్నాయి. "ఆయన ఏమన్నా అననీ, పద" అన్నాడు. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ మొదట అడిగింది ఏం మాత్రలు వాడుతున్నానని. స్ట్రిప్ చూడగానే ఆపించింది. రక్తం ఎక్కించారు. ఆమె చల్లగా ఉండాలి.

నాలో తక్కువైంది జీ6పీడీ అనే ఎంజైమ్. అది గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ నుంచి హైడ్రోజన్ తీసి ఎన్ఏడీపీ అనే అణువుకి అందిస్తే ఎన్ఏడీపీహెచ్ తయారవుతుంది. కణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే గ్లూటాథయోన్‌ను పనికొచ్చే స్థితిలో నిలిపేది అదే. మైటోకాండ్రియా లేని ఎర్ర రక్తకణానికి ఎన్ఏడీపీహెచ్ దొరికే దారి ఇదొక్కటే. ప్రైమాక్విన్ తెచ్చే ఆక్సీకరణ ఒత్తిడికి నా కణాలు తట్టుకోలేక పగిలాయి, వాటిలోని హీమోగ్లోబిన్ మూత్రంలో దిగింది.

1956లోనే ప్రైమాక్విన్‌తో ఈ లోపానికున్న సంబంధం బయటపడింది. మాత్ర రాసేముందు ఒక రక్తపరీక్ష రాయడానికి ఆయనకేం అడ్డొచ్చింది? పైగా ఆస్పత్రిలో చేసిన మొదటి జీ6పీడీ రిపోర్టు నార్మల్ వస్తే, "చూశారా" అన్నారట. ఎంజైమ్ తక్కువున్న పాత కణాలు చచ్చిపోయాక, ఎంజైమ్ ఎక్కువుండే కొత్త కణాలు, ఎక్కించిన రక్తం కలిసి అలా చూపించవచ్చని రక్తవ్యాధుల నిపుణురాలు చెప్పారు. మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే లోపం తేలింది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగవాళ్లకు అది అమ్మ నుంచే వస్తుంది కాబట్టి నాకు అమ్మ నుంచే వచ్చింది. "నావల్లేనా నాన్నా" అని అమ్మ ఏడ్చింది. ఆమె తప్పేముంది? దేవుడి దయవల్ల బయటపడ్డాను. అక్క కొడుక్కీ పరీక్ష చేయించాం, వాడికీ ఉంది. మేం వాడకూడని డాప్సోన్, నైట్రోఫ్యురాంటోయిన్, రాస్బురికేస్ మందుల పేర్లు కార్డు మీద రాసి ఇద్దరం జేబులో పెట్టుకుంటున్నాం. అవీ మాకు పడవని ఇంట్లో కలరా ఉండలు తీసేశాం. మీకెవరైనా ప్రైమాక్విన్ రాస్తే, జీ6పీడీ పరీక్ష రాయమని మొహమాటపడకుండా అడగండి. లోపం ఉన్నా వారానికోసారి చొప్పున 8 వారాలు, డాక్టరు దగ్గరుండి గమనిస్తూ ఇచ్చే పద్ధతి ఉంది.