బోర్లించిన నావల కింద

చిలీ దేశపు దక్షిణాన ఉన్న చిలోయే ద్వీపంలో మా ఓడ ఆగేది ఒక్క పగలు మాత్రమే. ఆ ద్వీపసమూహంలోని 16 కొయ్య చర్చిలను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. వాటిలో రెండింటినైనా నింపాదిగా చూడాలని మా వారూ నేనూ ముందే అనుకున్నాము. కాస్త్రో పట్టణం ఎదుట ఓడ లంగరు వేయగానే లాంచీలో ఒడ్డుకు చేరి, సాయంత్రానికల్లా తిరిగి రావాలి కనుక దూరంగా ఉన్న అచావోకే ముందుగా బయలుదేరాము.

అచావో పక్కనున్న కిన్‌చావో ద్వీపంలో ఉంది. దాల్కావే రేవులో కారుతో సహా పంటు ఎక్కి చిన్న జలసంధిని దాటుతున్నప్పుడు నాకు గోదావరి పాయల మీది ప్రయాణాలు గుర్తుకు వచ్చాయి. ఇక్కడ నిలిచి ఉన్న చర్చిలన్నిటిలోకీ అచావోలోని శాంతా మరియా దె లొరేతో చర్చి పాతది, 18వ శతాబ్దం నాటిది. బయట చెక్క పెంకులు వానకు తడిసి బూడిదరంగుకు తిరిగిపోగా, లోపల రంగులద్దిన చెక్కడాలతో పైకప్పు కళకళలాడుతోంది. దూలాలను ఇనుప మేకులతో కాక కొయ్య చీలలతో బిగించారు.

తలెత్తి చూసినప్పుడు నా మనసు తాళ్లరేవుకు వెళ్లిపోయింది. చిన్నప్పుడు నాన్నగారితో వెళ్లి అక్కడ ఒడ్డున కడుతున్న కొయ్య పడవల పక్కటెముకలను గంటల తరబడి చూసేదాన్ని. అదే పడవను బోర్లించి గోడల మీద నిలిపినట్టుగా ఉంది ఈ పైకప్పు. ఆ పోలిక నా ఊహ మాత్రమే కాదు. 1608లో వచ్చిన జెసూయిట్ మతాచార్యులు యూరప్ చర్చిల నమూనాలను చెప్పగా, వాటిని నిలబెట్టినవారు పడవలు కట్టడంలో ఆరితేరిన ఈ ద్వీపవాసులే. మతాచార్యులు ఏడాదికొకసారి పడవల మీద ఊరూరా తిరిగి వెళ్లిపోయేవారు. మిగతా కాలమంతా గుడినీ ప్రార్థననూ కాపాడే బాధ్యత ‘ఫిస్కాల్’ అనే గ్రామస్థుడిది. 1767లో జెసూయిట్లను స్పెయిన్ రాజు వెళ్లగొట్టినా, ఫ్రాన్సిస్కన్లు వచ్చి ఆ పనిని కొనసాగించారు. ఈ చర్చిలు ఇన్నాళ్లు నిలవడంలో పెద్ద పాలు ఆ గ్రామస్థులదేనని నా నమ్మకం.

పెంకులకు వాడిన అలెర్సే చెట్టు వేల ఏళ్లు బతుకుతుంది. బతికి ఉన్న అలెర్సేను కొట్టడాన్ని చిలీ 1976లో నిషేధించింది. ఆ సంగతి తెలిశాక బయటి గోడ మీది ఒక్కొక్క పెంకునూ చేత్తో తాకి చూడాలనిపించింది.

తిరుగుదారిలో దాల్కావే చర్చి ముందరి కమానులను నిలబడి చూసినంతసేపు కూడా లోపల గడపలేకపోయాము.

కాస్త్రోలోని సాన్ ఫ్రాన్సిస్కో చర్చి పసుపు, ఊదా రంగుల్లో దూరానికే కనబడుతుంది. మునుపటి చర్చి 1902లో కాలిపోగా, ఎదువార్దో ప్రొవాసోలి అనే ఇటలీ వాస్తుశిల్పి గీసిన నమూనాతో దీనిని 1910లో మొదలుపెట్టి 1912లో పూర్తిచేశారు. బయట ఇనుప రేకులు తొడిగి ఉండడం చూసి నేను కొంత నిరాశపడ్డాను గాని, లోపల అడుగుపెట్టగానే స్తంభాలు, కమానులు, కప్పు అన్నీ తేనెరంగు కొయ్యే. పక్క కిటికీల గుండా పడుతున్న వెలుగులో ఆ కొయ్య వెచ్చగా మెరుస్తోంది. చివరి వరుస బల్ల మీద కూర్చుని, ఆఖరి లాంచీకి పదిహేను నిమిషాలే ఉందని మా వారు రెండోసారి చెప్పాక లేచాను.