రవ్వ

పొయ్యిలకెళ్లి ఎగిరేది నిప్పురవ్వ. జొన్నల్ని బరకగ ఇసిరితే వచ్చేది జొన్నరవ్వ. మా పాలమూరు గట్క దానితోనే ఉడకాలె, మెత్తటి పిండి పోస్తే అది అంబలే. చెవుల కమ్మలల్ల మెరిసేది వజ్రపు రవ్వ. కాల్చేది, కడుపు నింపేది, తరాలకు దాసేది, మూడిటికీ ఒక్కటే పేరు! ఇగ "రవ్వంత ఉప్పెయ్యి" అంటే ఎంతనో వంట చేసేటోళ్ల చెయ్యికే ఎరుక.

మొన్న మేనత్తతోని నారాయణపేటల బంగారం దుకాణానికి పోయిన. "కమ్మల రవ్వ ఊడింది బిడ్డా" అన్నదామె. కౌంటర్ల పిల్లగాడు మొకం తెల్లగ పెట్టి, "అంటే డైమండా?" అన్నడు. "ఎన్ని సెంట్లు?" అని ఇంకోటి అడిగిండు. మా దిక్కు భూమి గుంటలల్ల చెప్తం, సెంటు అంటే అత్తకు అత్తరే యాదికొచ్చింది. వజ్రం బరువుకు ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములట, దాంట్ల నూరో వంతు సెంటు, అంటే 2 మిల్లీగ్రాములు. బంగారం క్యారెట్ బరువు కాదు మళ్ల, 24 పాళ్లల్ల మేలిమి ఎంతన్న లెక్క. అది మాత్రం అత్తనే నాకు చెప్పింది.

ఒక్కటి అడుగుత. పలిగిన బియ్యాన్ని మీ ఇండ్లల్ల ఏమంటరు? మా ఇంట్ల నూకలే. రవ్వ అంటే ఇడ్లీకి నానబోసేది.