బస్సులో కొబ్బరికాయల పెద్దమనిషి

కాళేశ్వరం పోదామని అమ్మ సంక్రాంతి నుంచి అంటూనే ఉంది. తీరా బయల్దేరింది ఏప్రిల్‌లో, పొద్దున తొమ్మిదింటికే హన్మకొండ బస్టాండులో సిమెంటు బెంచీ కాలుతున్న రోజున. అమ్మకు జీరో టికెట్, కిటికీ పక్క సీటు. నాకు పూర్తి ఛార్జీ, ముగ్గురి సీట్లో చివరన సగం. మా ఇద్దరి మధ్య ఒక పెద్దమనిషి, ఒళ్లో సంచి, సంచిలో నాలుగు కొబ్బరికాయలు. మీరూ గుడికేనా అని అమ్మ పలకరించింది.

"గుడికి కాదక్కా, బోరు పాయింట్ చూసేదుంది."

నాకు ఒళ్లు మండింది. మా ఇంటి వెనక రెండు బోర్లూ ఇట్లా అరచేతిలో కాయ లేచి నిలబడ్డ చోట నీళ్లుంటాయంటే నమ్మి వేసినవే. మొదటిది 380 అడుగులు, రెండోది 550. రెండోదాంట్లో చివరి వంద అడుగులూ పొడి దుమ్మే, పిండిలా తెల్లగా, అమ్మ ఆరేసిన చీరల నిండా. లక్షన్నర ఆ దుమ్ములోనే పోయింది. అదే అడిగేశాను, కాస్త గట్టిగానే.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "కాయ జాగ చూపెడ్తది తమ్మీ. లోపల నెర్రె లేకుంటే కాయేం జేస్తది?" అన్నాడు.

వరంగల్ చుట్టూ కింద ఉన్నదంతా గ్రానైటు. పైన కొంత మొరం, దాని కింద బండ. బండ తనలో నీళ్లు దాచుకోదు, పగుళ్లలోనే దొరకాలి, అందుకే మా బోరు ఎండి పక్కింటిది పోస్తుంటుంది. ఇవన్నీ ఈయన నోట వింటానని అనుకోలేదు. అన్నిటికన్నా ఆశ్చర్యం, "చెరువు కింది పొలమైతే కాయ లేకున్నా చెప్తా, భూపాలపల్లి దాటితే మమ్ములను పిలిచేటోళ్లే తక్కువ" అనడం. అటంతా బొగ్గు దొరికే ఇసుకరాయి, నీళ్లు పట్టి ఉంచుతుంది. తన గిరాకీ ఎక్కడ ఆగిపోతుందో అంత మామూలుగా చెప్పిన మనిషి మీద ఇంకేం కోపం చేస్తాం!

చెరువు మాట రాగానే ఆత్మకూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల బావి గుర్తొచ్చింది. చెరువు మత్తడి దూకిన ఏడాది మెట్ల మీద కూర్చుని చెంబుతో ముంచుకునేవాళ్లం. పాకాల, రామప్ప, లక్నవరం కట్టిన కాకతీయుల కాలం నుంచీ ఇక్కడి లెక్క అదే, ఒక చెరువు అలుగు పారితే కిందిది నిండాలి, చెరువుల్లో ఇంకిన నీళ్లే బావుల్లో తేలాలి. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసినప్పుడు ఆ మట్టి ట్రాక్టర్లలో మా పొలానికీ వచ్చింది, కానీ బావిని అప్పటికే పూడ్చేశారు.

ఆయన రేగొండలో దిగిపోయాడు. తర్వాత మోరంచవాగు, కింద సన్నటి నీటి చార. 2023 జులైలో ఇదే వాగు ఊరి మీద పడితే మోరంచపల్లి జనం ఇళ్లపైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారంటే ఆ చారను చూసి ఎవరు నమ్ముతారు?

గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది. ఘాట్ దగ్గరే ఆగిపోయాం. గోదావరి వచ్చే వైపంతా ఇసుక, చెప్పులు విడిస్తే అరికాళ్లు మాడిపోయాయి. నీళ్లున్నదంతా ప్రాణహిత వైపే. త్ర్యంబకంలో పుట్టిన గోదావరిని పైన మహారాష్ట్రలో జాయక్‌వాడీ డ్యాం, తర్వాత మన శ్రీరాంసాగర్ ఆపి వాడుకుంటాయి. వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగా నీళ్లు మోసుకుని ప్రాణహిత ఇక్కడ కలుస్తుంది, మొత్తం గోదావరి పరీవాహకంలో మూడో వంతు దానిదే. అమ్మ మోకాళ్ల లోతులో మునిగి, గోదారెటు, ప్రాణహితెటు అని మూడుసార్లు అడిగింది. 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగిన మేడిగడ్డ బ్యారేజీ కొంచెం దిగువనే ఉంది, చూద్దామంటే ఆటో అతను ఎనిమిది వందలన్నాడు. వద్దనుకున్నాం.

అమ్మ రెండు లీటర్ల సీసా నింపుకుంది. ఇంట్లో నల్లాలో వచ్చేదీ గోదారి నీళ్లేనమ్మా, దేవాదుల ఎత్తిపోతల నుంచి ధర్మసాగర్ రిజర్వాయర్‌కు ఎక్కించేవి ఇవేగా, అన్నాను. "నల్లా నల్లానే, గంగ గంగనే" అంది.

తిరుగు బస్సులో ఆమె ఫోన్ తీసి చూస్తే కొత్త నంబరు ఒకటి. పేరు దగ్గర 'బోరు కొబ్బరికాయ' అని ఉంది.