లేచి తిరుగుతున్నాడు కదా అని ఇంటికి తెచ్చేయకండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో ఎవరైనా తినకూడనిది మింగితే ముందు వాంతి చేయించాలనే చూస్తారు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, సబ్బునీళ్లు, ఆఖరికి పేడనీళ్లు కూడా పట్టిస్తారు. వాంతయ్యాక మనిషి కాస్త తేరుకుంటే గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. రెండూ ప్రమాదమే. నన్నడిగితే రెండోది మరీ ప్రమాదం. చికిత్స పనిచేసే సమయమంతా ఆ ధీమాలోనే జారిపోతుంది.

సంతలో దొరికే ఎలుకల పేస్టునే తీసుకోండి. అందులో సాధారణంగా 3 శాతం పసుపు భాస్వరం ఉంటుంది. ట్యూబు అచ్చం టూత్‌పేస్టులా ఉంటుంది కాబట్టి పిల్లలే కాదు, చూపు ఆనని ముసలివాళ్లూ పొరపడతారు. తిన్న రోజు కడుపునొప్పి, వాంతులు, కొందరి నోట వెల్లుల్లి వాసన. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు రోజులు ఏమీ ఉండదు. అన్నం తింటాడు, మాట్లాడతాడు, పనికి కూడా వెళ్లిపోతాడు. లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. కళ్లు పచ్చబడి, చిగుళ్లలోంచి రక్తం వచ్చేసరికి చేయగలిగింది చాలా తగ్గిపోతుంది. దీనికి విరుగుడు లేదు. అనుమానం వచ్చినా మొదటి గంటలోనే బయల్దేరాలి. మనిషి బాగున్నా సరే, మూడు నాలుగు రోజులు కాలేయం పరీక్షలు, రక్తం గడ్డకట్టే పరీక్ష చేయిస్తూ ఉండాలి.

జ్వరం మందు పారాసెటమాల్ కూడా ఇలాగే మభ్యపెడుతుంది. మోతాదు మించితే మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ తెలియదు. ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే మంచి విరుగుడు ఉంది, 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా కాపాడుతుంది. తర్వాతైనా ఇవ్వాల్సిందే. పిల్లల దగ్గర పొరపాటు జరిగేది సీసాలోనే. పార్వతీపురంలో కొన్నదాని పేరు ఒకటి, రాయగడలో కొన్నదాని పేరు ఇంకొకటి, లోపలి మందు ఒకటే. బలం మాత్రం వేరు. సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండొచ్చు, 250 ఉండొచ్చు. చంటిపిల్లల చుక్కల మందులో 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. పది కిలోల బిడ్డకు ఒక్కసారికి కావలసింది 100 నుంచి 150 మి.గ్రా. సిరప్ అనుకుని చుక్కల మందు 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. పోయినట్టే. అదే రోజుకు నాలుగుసార్లు పోస్తే కాలేయానికి ముప్పు. జలుబు మందుల్లోనూ పారాసెటమాల్ కలిసి ఉంటుంది, రెండూ కలిపి ఇవ్వకండి.

పొలం మందుల డబ్బాల మీద రాతలు ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటే మన పెద్దవాళ్లకు అందవు. రంగు త్రికోణం అందరికీ అర్థమవుతుంది: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఎక్కువ విషం నుంచి తక్కువకు ఇదే క్రమం. అయితే దీన్లో ఒక చిక్కుంది. పారాక్వాట్ అనే గడ్డిమందుకు ఉండేది పసుపు త్రికోణమే. ఎరుపు కాదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. దానికీ విరుగుడు లేదు. మొదట నోట్లో పుళ్లు, గొంతు మంట, తర్వాత మూత్రపిండాలు, రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు. మిగిలిన గడ్డిమందును కూల్‌డ్రింకు సీసాలో పోసి దూలానికి వేలాడదీసే అలవాటును మాత్రం ఈరోజే మానేయండి. ఏ మందైనా వచ్చిన డబ్బాలోనే, తాళం వేసి ఉంచాలి.

కిరోసిన్, థిన్నర్, దోమల మందు సీసాలోని ద్రవం తాగితే వాంతి అసలు చేయించకూడదు. పైకి వచ్చేటప్పుడు చుక్క ఊపిరితిత్తుల్లోకి జారినా నిమోనియా వస్తుంది. దగ్గు, ఆయాసం లేకపోయినా కనీసం ఆరు గంటలు ఆస్పత్రిలో కనిపెట్టి ఉండాలి. యాసిడ్ తాగినా వాంతి వద్దు, గొంతు రెండోసారి కాలుతుంది.

బిడ్డ తెల్ల ఉండ మింగితే అది కర్పూరమా, కలరా ఉండా అన్నది డాక్టరుకు ముఖ్యం. కర్పూరమైతే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. నాఫ్తలీన్ కలరా ఉండైతే ఒకటి రెండు రోజులకు ముఖం పాలిపోయి మూత్రం నల్లటీ రంగుకు వస్తుంది. జీ6పీడీ లోపం (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లల్లో రక్తకణాలు పగిలిపోవడమే కారణం. ఈ లోపం ఒడిశా గిరిజన కుటుంబాల్లో కనిపిస్తుంది కాబట్టి మన ప్రాంతంలో దీన్ని తేలిగ్గా వదలకూడదు. తేడా తెలుసుకోవడానికి బిడ్డను ఆస్పత్రికి పంపించాక ఇంట్లో మిగిలినవాళ్లు ఇంకో ఉండను మామూలు నీళ్లలో వేయండి. తేలితే కర్పూరం. మునిగితే, అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో మూడు పెద్ద చెంచాల ఉప్పు నిండుగా వేసి, ఇక కరగదనే దాకా కలిపి అందులో వేయండి. తేలితే నాఫ్తలీన్. అందులోనూ మునిగితే పారాడైక్లోరోబెంజీన్ అనే ఇంకో రకం కలరా ఉండ, మిగతా రెండింటికన్నా ప్రమాదం తక్కువ. ఫోన్ చేసి డాక్టరుకు చెప్పండి.

వెళ్లేటప్పుడు డబ్బా, ట్యూబు, ఖాళీ అట్ట, ఏది దొరికితే అది సంచిలో వేసుకోండి. ఎప్పుడు, ఎంత, బరువెంత అన్నది కాగితం మీద రాసుకోండి. బండికి 108. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117కి రాత్రయినా చేయొచ్చు, అక్కడి డాక్టరు స్థానిక డాక్టరుతో కూడా మాట్లాడతారు.

కావాలని మింగిన మనిషి అయితే కేసవుతుందని భయపడి మందు పేరు దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. కోలుకున్నాక, అంతకుముందైనా, మనసు విప్పి తెలుగులో మాట్లాడటానికి టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 ఉంది.