టీ తేవడానికి వెళ్లినప్పుడు

బరంపురం, 14 డిసెంబరు 2025, ఆదివారం

ఈ రోజు ఆరుంపావుకే లేచాను. ఆదివారం నాడు నేను అంత పెందలాడే లేవడం చూసి అత్తయ్యగారు కంగారుపడ్డారు. "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అమ్మా?" అన్నారు. డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీవీరుడు జాన్ సీనా రిటైరవుతున్నాడని ఆవిడకు ఎలా చెప్పను? "పేపర్లు దిద్దాలి అత్తయ్యగారూ" అన్నాను. పూర్తిగా అబద్ధమూ కాదు. తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు 62 శుక్రవారం నుంచి బల్ల మీదే ఉన్నాయి. ఇది రాస్తున్నప్పటికి ఇంకా 20 మిగిలాయి.

వాషింగ్టన్‌లో శనివారం రాత్రి ఎనిమిదంటే మనకు ఆదివారం ఉదయం ఆరున్నర. సీనా పోటీ ఎలాగూ చివరనే. అది తెలిసీ మొదటి నుంచి చూశాను. పెళ్లికి వెళ్లేవాళ్లు భోజనాల వేళకు మాత్రమే చేరితే బాగుండదు కదా. ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించి, ఒక కన్ను ఇడ్లీ పాత్ర మీద, ఒక కన్ను దాని మీద పెట్టాను. సీనా రింగులోకి దిగేసరికి ఇడ్లీలు దించేసి స్టూలు లాక్కుని కూర్చున్నాను. మా అబ్బాయి నిద్ర కళ్లతో వచ్చి భుజం మీద గడ్డం ఆనించాడు. వాడికి రోమన్ రెయిన్స్ అంటే ఇష్టం. "అమ్మా, ఈయన ముసలివాడు కదా" అన్నాడు. సీనాకు 48 ఏళ్లు. నాకు 40. ఏమీ అనలేదు.

ఎదుట దిగిన గుంథర్ వెనక నుంచి సీనా మెడ చుట్టూ చేయి వేసి బిగించాడు. సీనా విడిపించుకున్నాడు. మళ్లీ దొరికాడు. మళ్లీ విడిపించుకున్నాడు. చివరికి ఒకచోట కదలడం మానేసి, చిన్నగా నవ్వి, చేత్తో తట్టాడు. ఓటమి ఒప్పుకున్నాడన్నమాట. లొంగిపోవద్దు, లొంగిపోవద్దు అని ఏళ్ల తరబడి చొక్కాల మీద, టోపీల మీద రాయించుకుని తిరిగిన మనిషి ఆఖరి పోటీలో లొంగిపోయాడు. నేను స్టూలు మీద నుంచి లేవలేదు. మావారు చేపలు పట్టుకుని వచ్చి, "అయిపోయిందా నీ కుస్తీ?" అని అడిగి, నా ముఖం చూసి సంచీ సింకులో పెట్టేసి వెళ్లిపోయారు.

చిత్రం ఏమిటంటే, సీనా ఓడిపోయినందుకు కాదు నాకు బాధ వేసింది. గుంథర్ చేతిలో ఓడిపోయినందుకు. ఎందుకో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. అంతకంటే ముందు ఇంకొంచెం వెనక్కి.

చిన్నప్పుడు మా వీధిలో పిల్లలందరి దగ్గరా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈకి అప్పటి పేరు) ట్రంప్ కార్డులు ఉండేవి. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, దాని కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ కొలత. "బరువు" అని పందెం కాస్తే ఇద్దరం కార్డులు తిప్పాలి. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లకు రెండో కార్డు. పౌండ్లను కిలోల్లోకి మార్చడం నేను బడిలో నేర్చుకోలేదు. నా కార్డుల కట్ట అంత లావుగా ఇంకెవరి దగ్గరా ఉండేది కాదు. అది ఆడపిల్ల దగ్గర ఉండటం మా బాబాయికి నచ్చేది కాదు కూడా. 2002లో టెన్ స్పోర్ట్స్ ఛానల్ వచ్చింది. ఆ జూన్‌లోనే కర్ట్ యాంగిల్ ఎదుట ఎవరో కొత్త కుర్రాడు నిలబడ్డాడు. ఓడిపోయాడు కాని కళ్లు దించలేదు. అతనే సీనా. నేను ప్లస్ టూ, తమ్ముడు ఎనిమిదో తరగతి. ఆ రోజు నుంచి ఇంట్లో రిమోట్ మా ఇద్దరిదే.

తాతయ్యకు మాత్రం మమ్మల్ని చూస్తే జాలి. ఆయనది వీరఘట్టం వైపు. కోడి రామ్మూర్తినాయుడి ఊరు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నవాడిని, ఊపిరి బిగబట్టి ఒంటికి చుట్టిన గొలుసులు తెంపినవాడిని వాళ్ల నాన్నగారు కళ్లారా చూశారట. రామ్మూర్తినాయుడు 1942లో పోయింది మన ఒడిశాలోనే, బలంగీరులో. ఆ సంగతి చెప్పేటప్పుడు తాతయ్య గొంతు తగ్గించేవాడు, నిన్నమొన్న జరిగినట్టు. తర్వాత టీవీ వైపు చూసి, "వీళ్లు ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారర్రా" అనేవాడు.

ఆ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను. స్టాఫ్ రూములో, రైల్లో, పెళ్లిళ్లలో. అదంతా నాటకమే కదా టీచర్? అవునండీ, నాటకమే. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టుకుంటారు. బరంపురంలో పుట్టినవాళ్లు కూడా ఇది అడగడమే నాకు వింత. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారి జాతర వస్తుంది. మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి వీధి వీధీ తిరుగుతారు. మా చిన్నప్పుడు మా సందు మొదట్లో సైకిళ్లు బాగుచేసే ఆయన పులివేషం కట్టేవాడు. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, నడుము వెనక తీగ మీద నిలబడిన తోక. మోచేతి దగ్గర చెమటకు రంగు కరిగి, లోపలి మనిషి చర్మం అర్ధరూపాయంత కనిపించేది. ముందు రోజే ఆయనతో పంక్చరుకు బేరమాడిన మా అమ్మ, పులి గుమ్మంలోకి రాగానే కొంగు తల మీదికి లాక్కుని, పళ్లెంలో బియ్యం, రూపాయి బిళ్ల పెట్టి నమస్కారం చేసేది. ఆయన ఎవరో అమ్మకు తెలియక కాదు. ఆ సమయానికి ఆయన పులి, అంతే. ఆ పులి కూడా అమ్మను గుర్తుపట్టినట్టు ఒక్కనాడూ కనిపించలేదు. నాకు కుస్తీ అర్థమైంది అక్కడే.

సరే, హైదరాబాద్. 8 సెప్టెంబరు 2023, శుక్రవారం. డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల సూపర్‌స్టార్ స్పెక్టకిల్, గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో. తమ్ముడు అప్పటికి కొండాపూర్‌లో ఉంటున్నాడు. ఫోన్ చేసి, "అక్కా, సీనా వస్తున్నాడు, టికెట్లు తీసేశాను" అన్నాడు. ధర ఎంతని అడిగితే ఇప్పటికీ చెప్పలేదు. బడికి సెలవు కావాలి. కుస్తీ చూడటానికి వెళ్తున్నానని హెడ్‌మిస్ట్రెస్‌గారితో అనే ధైర్యం లేక తమ్ముడికి పెళ్లిచూపులని చెప్పాను. ఆ అబద్ధం నన్ను చాలా కాలం పీడించింది. ఆవిడ వారానికోసారి "అమ్మాయి ఎలా ఉంది? కుదిరిందా?" అని అడిగేవారు. చివరికి జాతకాలు కలవలేదని చెప్పి ఆ లేని పిల్లను వదిలించుకున్నాను.

ఇంట్లో గొడవ వేరు. అత్తయ్యగారికి ఆ ఏడు రైలంటే వణుకు. జూన్ 2న బహనగా దగ్గర జరిగిన ప్రమాదాన్ని టీవీలో వారం రోజులు చూశారు. జూలై 7న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో బోగీలు కాలిపోయాయి. ప్రాణాలు పోలేదు కాని, మేము హైదరాబాద్‌కు ఎప్పుడూ వెళ్లేది ఆ బండిలోనే. చివరికి కోణార్క్ అయితే సరేనన్నారు. ఎందుకు సరేనో అడగలేదు. నా సంచీలో ఠాకురాణి కుంకుమ పొట్లం కట్టి పెట్టారు. అది రింగుకు ఎడమ వైపు మెట్ల మీద నా ఒళ్లోనే కూర్చుని మొత్తం పోటీలు చూసింది.

లోపలికి వెళ్లగానే నాకు తోచిన మొదటి సంగతి: ఎంత చిన్నదో! 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగిన హాలే అది. టీవీలో మహాసముద్రంలా కనిపించే రింగు, దగ్గర నుంచి చూస్తే మా బడిలో పంద్రాగస్టుకు వేసే స్టేజీకి కాస్త పెద్దది. రెండోది, వ్యాఖ్యానం లేదు. ఇరవై ఏళ్లుగా నా చెవిలో ఎవరో ఒకరు అరుస్తూనే ఉన్నారు: ఇప్పుడేం జరిగింది, ఎవరికి కోపం వచ్చింది, నేను ఎప్పుడు ఆశ్చర్యపోవాలి. అక్కడ ఆ గొంతు లేదు. మొదటి పోటీ సగం అయ్యేదాకా ఏదో పోగొట్టుకున్నదానిలా దిక్కులు చూశాను. తర్వాత చప్పుళ్లు వినిపించడం మొదలైంది. మనిషి పడినప్పుడు చాప కింద చెక్కలు చేసే ఢాం. తాళ్లు కీచుమనడం. రిఫరీ ఒంగి ఏదో అడగడం, పడుకున్నవాడు తల ఊపడం. అరచేత్తో ఛాతీ మీద కొడితే వచ్చే చప్పుడు మాత్రం నాటకం కాదు. తడిబట్ట బండకు బాదినట్టు ఉంటుంది, ఆ తర్వాత అక్కడ అయిదు వేళ్లూ ఎర్రగా తేలతాయి.

రియా రిప్లీ, నటాలియా తలపడినప్పుడు మా ముందు వరుసలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె రిప్లీలా నల్ల లిప్‌స్టిక్ పూసుకుని కుర్చీ ఎక్కి నిలబడింది. వాళ్ల నాన్న దింపడం, అది ఎక్కడం. నా ట్రంప్ కార్డులు గుర్తొచ్చి ఆ పిల్లకు నా చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చేశాను. కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ మీదికి మన దేశపు జట్టు ఇండస్ షేర్ వాళ్లు దిగినప్పుడు జనానికి ఎటు అరవాలో తెలియలేదు. మనవాళ్లు ఒకవైపు, ఇష్టమైనవాళ్లు ఒకవైపు. తమ్ముడు ఇద్దరికీ అరిచాడు.

ఆ తర్వాత గుంథర్ వచ్చాడు. ఎదుట మనవాడు షాంకీ. "దాహంగా ఉంది" అన్నాడు తమ్ముడు. సీనా వచ్చాక ఎలాగూ లేవలేం కదా, ఇప్పుడే వెళ్లొస్తానని లేచాను. నాకు గుంథర్ అంటే ఆసక్తి లేదు. మెరుపుల చొక్కా లేదు, హాస్యం లేదు, మా ప్రిన్సిపాల్ ఉదయం ప్రార్థనకు వచ్చినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. బయట రెండు కప్పుల టీ, ఒక నీళ్ల సీసా, రెండు కర్రీ పఫ్‌లు తీసుకుంటుండగా గోడ అవతల నుంచి ఆ తడిబట్ట చప్పుడు వినిపించింది. ఒకటి. జనం "ఓ". ఇంకొకటి. "ఓ". టీ అమ్మే అబ్బాయి చిల్లర లెక్కపెడుతూ ప్రతి చప్పుడుకూ ఒకసారి కళ్లు మూసుకున్నాడు. నేను నవ్వాను. మెట్లెక్కి వచ్చేసరికి షాంకీ లేస్తున్నాడు, గుంథర్ బెల్టు పట్టుకుని వెళ్లిపోతున్నాడు. అతని వీపు చూశాను. అంతే.

తిరుగు రైల్లో ఫోన్‌లో చదివితే తెలిసింది. గుంథర్ పట్టుకెళ్లిన ఆ ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ బెల్టును హాంకీ టాంక్ మ్యాన్ అనే పాతకాలపు కుస్తీవీరుడు 1987, 88లలో 454 రోజులు ఉంచుకున్నాడు. 35 ఏళ్లుగా ఎవరూ దాటలేదు. గుంథర్ 455వ రోజులోకి అడుగుపెట్టింది సరిగ్గా ఆ శుక్రవారమే. నేను కర్రీ పఫ్ కొంటున్న రోజున. షాంకీ సంగతీ అంతే. అదే నెలలో సంస్థ తీసేసినవాళ్ల జాబితాలో అతని పేరు వచ్చింది. ఏడడుగుల మనిషి మన దేశంలో మన జనం ముందు ఆడిన పోటీ. దాన్ని నేను గోడ ఇవతల నిలబడి విన్నాను.

సీనా వచ్చినప్పుడు ఏం జరిగిందో రాయాలని ఈ రెండేళ్లలో చాలాసార్లు కూర్చున్నాను. ఎప్పుడూ రాలేదు. ఈ రోజూ రావడం లేదు. మోకాళ్ల దాకా జీన్స్ నిక్కరు, టోపీ, ముఖం ముందు అరచేయి ఆడించడం, అందరికీ తెలిసినవే. సెత్ రోలిన్స్‌తో కలిసి లుడ్విగ్ కైజర్, జోవాన్నీ విన్చీ మీద గెలిచాడు. రోలిన్స్ వచ్చేటప్పుడు వేసే పాట రాగం జనమంతా తీస్తుంటే పక్కనున్న తాతగారు కూడా తీశారు. నేను ఏడ్చానని తమ్ముడు అంటాడు. నేను ఒప్పుకోను. నాకు స్పష్టంగా గుర్తున్నది ఒక్కటే: సీనా తాళ్ల దగ్గర నిలబడి మా వైపు తిరిగినప్పుడు మోకాలి మీద పాత దెబ్బ తాలూకు మచ్చ కనిపించింది. టీవీలో ఎన్నడూ చూడలేదు. పులి మోచేతి దగ్గర కరిగిన రంగులా.

ఓడిన ఆ కైజర్, విన్చీ ఇద్దరూ గుంథర్ మనుషులే. అది కూడా అప్పుడు పట్టించుకోలేదు.

మధ్యాహ్నం చేపల పులుసు తిని పేపర్లు ముందేసుకున్నాను. మూడింటికి తమ్ముడి ఫోన్. పొద్దున్నే చేస్తాడనుకున్నాను. చేయలేదంటే వాడూ నాలాగే ఉన్నాడన్నమాట.

"అక్కా, చూశావా?"

"చూశాను."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. వాడి వెనక ఎక్కడో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసింది.

"ఆ రోజు నువ్వు టీకి వెళ్లకుండా ఉండాల్సింది" అన్నాడు.

"తెమ్మన్నది ఎవరు?"

"నేను నీళ్లు అడిగాను. టీ నీ సొంత ఆలోచన."

"పఫ్‌లు ఎవరు తిన్నారు?"

"ఒకటే తిన్నాను. రెండోది చల్లారిపోయిందని నువ్వే తినలేదు."

అది నిజమే. ఆ మాట మీద ఇంకో పావుగంట పోట్లాడుకున్నాం. గుంథర్ ఎలా నడిచాడు, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడు, షాంకీని ఎన్ని దెబ్బలు కొట్టాడు, అన్నీ వాడితో మొదటి నుంచి చెప్పించుకున్నాను. రెండేళ్లలో ఇదే మొదటిసారి అడగడం. వాడు తొమ్మిది దెబ్బలన్నాడు. నాకు గోడ అవతల నుంచి వినిపించినవి ఏడు.