ఫీజులు పెరిగినా బేస్‌బాల్ వదలక్కర్లేదు

అమెరికాలో చదువుకుంటూ బేస్‌బాల్ చూసేవాళ్లకి ఆగస్టు గడ్డుకాలం. ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ దశ) చేరే పోటీ వేడెక్కేదీ అప్పుడే, సెమిస్టర్ ఫీజు కట్టాల్సిందీ అప్పుడే.

ముందు వీడియో సబ్‌స్క్రిప్షన్ ఆపేయండి. మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ) వీడియో సర్వీసు ఎంఎల్‌బీ టీవీ మామూలు ప్యాకేజీలో మీరుండే ప్రాంతపు జట్టు మ్యాచ్‌లు బ్లాకౌట్‌లో పోతాయి, అంటే లైవ్‌లో కనిపించవు. చాలామందికి డబ్బు కట్టాకే ఈ సంగతి తెలుస్తుంది. రేడియో కామెంటరీ వినిపించే ఆడియో ప్యాకేజీ ఎంతో చవక, దానికి ఆ బెడద లేదు. ఆటో రెన్యువల్ మాత్రం కొన్న రోజే ఆపేయండి.

ఇక రేడియో వింటూ స్కోర్‌కార్డు రాయడంలో ఉన్న మజా వేరు. ఒక్కో ఫీల్డింగ్ స్థానానికి ఒక్కో అంకె: పిచ్చర్ (బంతి విసిరేవాడు) 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6, అవుట్‌ఫీల్డర్లు ఎడమ నుంచి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని సెకండ్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్‌కి వెళ్లి రన్నర్, బ్యాటర్ ఇద్దరూ అవుటైతే 6-4-3. మూడో స్ట్రైక్‌కి బ్యాట్ ఊపకుండానే స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) అయితే ఇంగ్లిషు 'కె' అక్షరాన్ని తిరగేసి రాయాలి. ప్రతి బ్యాటర్ కింద ఒక ఖాళీ గీత వదలండి, లేకపోతే పించ్ హిట్టర్ (బదులుగా దిగే బ్యాటర్) రాగానే కార్డంతా గజిబిజి.

సీజన్‌లో ఒక జట్టు ఆడే 162 మ్యాచ్‌లూ వినలేం. సిరీస్‌కి (ఒకే ప్రత్యర్థితో వరసగా ఆడే మ్యాచ్‌లకి) ఒకటి చాలు. 2023లో పిచ్ క్లాక్ (పిచ్చర్ బంతి విసరడానికి పెట్టిన టైమర్) వచ్చాక తొమ్మిది ఇన్నింగ్స్ సగటున సుమారు 2 గంటల 40 నిమిషాల్లో అయిపోతున్నాయి.

ఫీజు బిల్లులో 'అథ్లెటిక్స్ ఫీజు' ఉందేమో చూడండి. కొన్నిచోట్ల అది కట్టినవాళ్లకి ఫిబ్రవరిలో మొదలయ్యే కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్‌లకు ప్రవేశం ఉచితం.